గ్రూపు చెదురుతోందా? తూటాల పెట్టెను తిట్టే ముందు

ఏ రకం తూటా వేసినా 100 గజాల్లో రైఫిల్ గ్రూపు (ఒకే గురికి వేసిన తూటాల రంధ్రాల గుంపు) మూడు, నాలుగు అంగుళాలు చెదురుతోంది

తప్పు తూటాలది కాదు. నాలుగు రకాల పెట్టెలు కొని, అన్నీ దండగని తేల్చాక కూడా స్క్రూల జోలికి వెళ్లనివాళ్లే ఎక్కువ. రైఫిల్ ఖాళీ చేసి స్కోప్ (గురి చూసే దుర్భిణి) బేస్ స్క్రూలు, రింగ్ స్క్రూలు, స్టాకును (భుజానికి ఆనే దిమ్మను) పట్టి ఉంచే యాక్షన్ స్క్రూలు చూడండి. రింగుల మాటున ఉన్న బేస్ స్క్రూనే అందరూ వదిలేస్తారు. టార్క్ డ్రైవర్‌తో (బిగించే బలాన్ని కొలిచే స్క్రూడ్రైవర్), తయారీదారు చెప్పినంతే బిగించాలి. బలమంతా పెడితే స్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది.

రంధ్రాలు ఒకదాని మీద ఒకటిగా పైకి పాకుతున్నాయి

సన్నటి బ్యారెల్ వేడెక్కింది. చేత్తో పట్టుకుంటే చల్లగా అనిపించేదాకా ఆగండి. సాండ్‌బ్యాగ్ మీద ఆనాల్సింది స్టాకు ముందు భాగం, బ్యారెల్ కాదు.

నిన్న ఒక అంగుళం, ఇవాళ రెండు. అదే పెట్టె, అదే రైఫిల్

అందరూ బోల్తా పడేది ఇక్కడే. చాలాసార్లు ఏదీ చెడిపోలేదు. మూడు తూటాల గ్రూపు చెప్పేది చాలా తక్కువ. సగటున అంగుళంన్నర వేసే రైఫిల్ ఒకసారి అంగుళం, మరోసారి రెండంగుళాలు వేయడం మామూలే. అంగుళం వచ్చిన కాగితం జేబులోకి వెళ్తుంది, రెండు వచ్చినది చెత్తబుట్టలోకి. ఆ తర్వాత 'ఈ తూటా అంగుళం వేస్తుంది' అన్న మాట స్థిరపడిపోతుంది. అదే రైఫిల్ అవే తూటాలతో ఐదేసి వేస్తే గ్రూపు సగటున 1.9 అంగుళాలకు, పదేసి వేస్తే 2.4 దగ్గరికి పెరుగుతుంది. తూటా మారలేదు, లెక్క మారింది.

20 తూటాల పెట్టె మొత్తం ఖర్చు పెట్టండి: ఐదేసి చొప్పున నాలుగు గ్రూపులు, ఒక్కోదానికి కొత్త కాగితం. నాలుగింటి సగటే మీ అంకె. మధ్యలో స్కోప్ నాబ్‌లు తిప్పవద్దు. దూరంగా పోయిన రంధ్రాన్ని 'అది నా చేతి తప్పులే' అని కొట్టేయవద్దు. కాగితం చూడకముందే, ట్రిగ్గర్ దగ్గరే తప్పు చెప్పి ఉంటే తప్ప అది లెక్కలోదే. రెండు రకాలు పోలుస్తుంటే ఒక గ్రూపు ఇది, ఒక గ్రూపు అది, మార్చి మార్చి వేయండి. లేకపోతే మధ్యాహ్నం గాలి, అలసిన భుజం రెండో రకం ఖాతాలో పడతాయి. ఇంత చేశాక సగటుల్లో పావు అంగుళం తేడా కనిపిస్తే దాన్ని పట్టించుకోవద్దు.

రకం మార్చగానే మొదటి రెండు మూడు చెదురుతున్నాయి

పాత తూటాల మసి, రాగి పూత బ్యారెల్లో ఉంటాయి. కొత్త రకం ఐదు వేశాకే లెక్క మొదలుపెట్టండి; మార్చి మార్చి పోల్చేటప్పుడూ ఈ ఐదు లెక్కకు బయటివే. శుభ్రం చేసిన బ్యారెల్‌కూ అంతే.

కాగితం మీద గుండ్రటి రంధ్రం బదులు పక్కకు చీలిన గాటు

బుల్లెట్ పల్టీలు కొడుతోంది. బ్యారెల్ ట్విస్టుకు (లోపలి గాడుల మెలికకు) ఆ బుల్లెట్ మరీ పొడవు, అంతకంటే పొట్టిగా ఉండే తేలికది తీసుకోండి. అరుదు.

పోయినేడాది బాగున్న రకమే ఈసారి తేడాగా ఉంది

పెట్టె మీది లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన తూటాల గుర్తు) చూడండి. లాట్ మారితే పౌడర్ కూడా మారి ఉండొచ్చు. నచ్చిన లాట్ దొరికినప్పుడే నాలుగైదు పెట్టెలు తీసుకోండి. కొత్త లాట్ వస్తే స్కోప్ జీరో (గురి పెట్టిన చోటే తూటా తగిలే అమరిక) మళ్లీ చూసుకోవాల్సిందే.