క్లాడ్ కోడ్ స్వీయబోధిని – 4వ పాఠం: సొంత కమాండ్ రాసుకోవడం

గత పాఠంలో క్లాడ్ కోడ్ (కోడ్ రాయడంలో సాయపడే ఏఐ అసిస్టెంట్) కోసం ప్రాజెక్టు నియమాలను క్లాడ్.ఎండీ ఫైల్లో పెట్టాం. ఆ ఫైలు ప్రతి సెషన్‌లోనూ లోడవుతుంది కాబట్టి, ఎప్పుడో ఒకసారి పనికొచ్చే సూచనలను అందులో కుక్కడం దండగ. వాటిని సొంత కమాండ్లుగా, అంటే స్లాష్ గుర్తుతో పిలిచినప్పుడే పనిచేసే సూచనల ఫైళ్లుగా, రాసుకోవచ్చు.

ప్రాజెక్టులో ‘.క్లాడ్’ ఫోల్డరు, దాని లోపల ‘కమాండ్స్’ ఫోల్డరు తయారుచేయండి. అందులో ‘డిఫ్‌చూడు.ఎండీ’ అనే ఫైలు పెట్టండి. (డిఫ్ అంటే, కోడ్ మార్పులను నమోదు చేసే గిట్ చూపించే మార్పుల జాబితా. ఆ మార్పులను గిట్‌లో భద్రపరచడమే కమిట్.) ఫైలు పేరే కమాండ్ పేరు. ఇక్కడ తెలుగులో చూపిస్తున్న పేర్లు, కీలకపదాలు అన్నీ మీరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. ఫైల్లో ఇలా రాయండి:

---
డిస్క్రిప్షన్: కమిట్‌కు ముందు మార్పుల పరిశీలన
అలౌడ్-టూల్స్: బాష్(గిట్ డిఫ్:*)
---
మార్పులు ఇవి: !`గిట్ డిఫ్ హెడ్`
ముఖ్యంగా చూడాల్సింది: $ఆర్గ్యుమెంట్స్
ప్రతి తప్పుకూ ఫైలు, లైను నంబరు, కారణం చెప్పు. కోడ్ ముట్టుకోకు. తప్పు లేకపోతే లేదని చెప్పు.

ఇక క్లాడ్ కోడ్‌లో ‘/డిఫ్‌చూడు నల్ చెక్‌లు’ (విలువ ఖాళీగా ఉందేమో చూసే కోడ్) అని కొడితే, ‘నల్ చెక్‌లు’ అన్న మాట $ఆర్గ్యుమెంట్స్ స్థానంలోకి వెళ్తుంది. ఫైల్లో ‘ఆర్గ్యుమెంట్స్’ అన్న పదం మొత్తం క్యాపిటల్ అక్షరాల్లో ఉండాలి, లేదంటే మామూలు మాటగా మిగిలిపోతుంది.

అసలు బలం ఆశ్చర్యార్థకం ఉన్న లైనులో ఉంది. బ్యాక్‌టిక్‌ల మధ్య ఉన్న గిట్ కమాండ్ ముందే నడిచి, దాని ఫలితం ప్రాంప్ట్‌లో చేరాకే అంతా మోడల్‌కు వెళ్తుంది. మార్పులు ఎక్కడున్నాయో అది వెతుక్కోనక్కర్లేదు. అలౌడ్-టూల్స్ లైను అనుమతి కోసం. బద్ధకించి ఉత్త ‘బాష్’ అని రాయకండి, ఏ షెల్ కమాండ్‌కైనా తలుపు తీసినట్టే.

‘హెడ్’ (చివరి కమిట్) ఎందుకంటే, ఉత్త ‘గిట్ డిఫ్’ స్టేజ్ చేసిన, అంటే కమిట్‌కు సిద్ధంగా ‘గిట్ యాడ్’తో చేర్చిన, మార్పులను చూపించదు. అంతా స్టేజ్ చేసి కమాండ్ నడిపితే ఖాళీ డిఫ్ వెళ్తుంది, ‘తప్పుల్లేవు’ అని జవాబొస్తుంది, మీరు నమ్మేస్తారు. హెడ్ పెట్టినా గిట్‌కు ఇంకా తెలియని కొత్త ఫైళ్లు కనబడవు, వాటిని ముందుగా ‘గిట్ యాడ్’ చేయాలి.

‘కోడ్ ముట్టుకోకు’ అన్నది కూడా తీసేయకండి. పరిశీలించమంటే దిద్దడానికి దిగిపోవడం ఈ అసిస్టెంట్లకు మామూలే.

ఫైలును కమిట్ చేస్తే టీమ్ అందరికీ అందుతుంది. మీకు మాత్రమే అయితే హోమ్ డైరెక్టరీలోని ‘.క్లాడ్/కమాండ్స్’లో పెట్టుకోండి, అన్ని ప్రాజెక్టుల్లోనూ పనిచేస్తుంది.

కొత్త వెర్షన్లలో ఇదే పనికి స్కిల్స్ (ఒక్కో పనికి సూచనలు దాచుకునే ఫోల్డర్లు) వచ్చాయి, ఈ ఫైళ్లూ నడుస్తాయి. వచ్చే పాఠంలో డిఫ్‌చూడునే స్కిల్‌గా మారుద్దాం.