మెట్ల లైటు మొండికేసిందా? బోర్డు విప్పకముందే నాలుగుసార్లు నొక్కి చూడండి

కింద స్విచ్ వేస్తే లైటు వెలగదు. పైకెక్కి అక్కడి స్విచ్ మార్చి మళ్లీ కిందికొస్తే అప్పుడు వెలుగుతుంది. ఇక ఇంట్లో పెద్దవాళ్లు "పైది ఎవరూ ముట్టుకోకండి, అలాగే ఉంచండి" అని ఆర్డరేస్తారు, ఏళ్లకేళ్లు అలాగే నెట్టుకొచ్చేస్తారు. ఇది పెద్ద రిపేరేం కాదు, కానీ ఏం చెడిందో తెలుసుకోకుండా స్క్రూడ్రైవర్ పట్టుకుని బోర్డు విప్పేస్తే మాత్రం పెద్దదవుతుంది.

మామూలు స్విచ్‌కి వెనక రెండు టెర్మినళ్లు, అంటే వైరు బిగించే చోట్లుంటే, ఒకే లైటుని కింది నుంచీ పై నుంచీ వేయడానికి రెండు చోట్లా పెట్టే టూవే స్విచ్‌కి మూడుంటాయి, వాటిలో ఒకటి కామన్. ఒకవైపు నొక్కితే కామన్ మొదటిదాన్ని తాకుతుంది, రెండోవైపు నొక్కితే రెండోదాన్ని తాకుతుంది. అంటే ఈ స్విచ్‌లో ఆఫ్ అనేదే లేదు. ఒక స్విచ్ కామన్‌కి ఫేజ్ (కరెంటు తెచ్చే వైరు) వస్తుంది, రెండో స్విచ్ కామన్ నుంచి వైరు బల్బుకి వెళ్తుంది, మిగిలిన టెర్మినళ్లను రెండు వైర్లు కలుపుతాయి. వాటిని ట్రావెలర్లంటారు, నాకు జంట వైర్లు అనడమే అలవాటు. న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) స్విచ్‌ల జోలికి రాకుండా నేరుగా హోల్డర్‌కి పోతుంది. రెండు స్విచ్‌లూ ఒకే జంట వైరు మీదుంటే లైటు వెలుగుతుంది, చెరో దాని మీదుంటే ఆరిపోతుంది.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. రెండూ పైకి, రెండూ కిందికి, ఒకటి పైకి ఒకటి కిందికి, దానికి తిరగేసి. మొత్తం నాలుగే పొజిషన్లు. ఒక్కోదానికీ లైటు వెలిగిందో లేదో రాయండి. సర్క్యూట్ బాగుంటే నాలుగింట్లో సరిగ్గా రెండింటికి వెలగాలి.

ఒక్కసారీ వెలగలేదంటే ముందు బల్బు మార్చండి, ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తనే ఆగిపోయే మెయిన్ బోర్డు స్విచ్) పడిపోయిందేమో చూడండి, నవ్వకండి, చాలాసార్లు కథ అక్కడే ముగుస్తుంది. ఆ తర్వాతే హోల్డర్, న్యూట్రల్, రెండు కామన్లలో ఏదైనా లూజయిందేమో వెతకాలి. నాలుగింటికీ వెలిగితే జంట వైర్లు ఎక్కడో ఒకదానికొకటి తగిలి ఉంటాయి. మూడింటికి వెలిగితే ఏదో స్విచ్‌లో కాంటాక్ట్ (లోపల తగిలే లోహపు ముక్క) అతుక్కుపోయి ఉండొచ్చు, స్విచ్ మార్చాల్సిందే.

ఎక్కువమందికి వచ్చేది మాత్రం నాలుగింట్లో ఒక్కసారే వెలగడం. చిక్కల్లా ఏంటంటే, జంట వైర్లలో ఒకటి ఊడినా, స్విచ్ లోపల ఒకవైపు కాంటాక్ట్ అరిగిపోయినా, కామన్‌లో ఉండాల్సిన వైరూ జంట వైరూ తారుమారైనా, టూవేకి బదులు వన్‌వే (మామూలు) స్విచ్ బిగించినా లైటు ఒకేలా ప్రవర్తిస్తుంది. కాబట్టి చరిత్ర అడగాలి. నిన్నటిదాకా బాగా పనిచేసి ఉన్నట్టుండి ఇలా అయితే వైరు ఊడిందో, కాంటాక్ట్ పోయిందో అనుకోవచ్చు. స్విచ్ మార్చిన దగ్గర్నుంచో, రంగులు వేయించిన దగ్గర్నుంచో ఇలా ఉంటే దాదాపు ఖాయంగా తారుమారే, లేదంటే వన్‌వే స్విచ్. ముందునుంచి చూస్తే వన్‌వే, టూవే స్విచ్‌లు రెండూ కవల పిల్లల్లా ఉంటాయి మరి.

నేను ఒకసారి పాత స్విచ్ తీసి, మూడు వైర్లూ ఎక్కడివక్కడే కొత్తదానికి పెట్టి, ఇంకేం సమస్య అనుకున్నాను. పాతదానికి కామన్ మధ్యలో ఉంది, కొత్తదానికి చివర. ఒక సాయంత్రమంతా వైరు తెగిందేమోనని గోడవైపు చూస్తూ తల పట్టుకున్నాను.

విప్పే ముందు మెయిన్ ఆపండి. ఒక్క ఎంసీబీ ఆపితే చాలదు, కింది స్విచ్ ఒక సర్క్యూట్ నుంచి, పైది ఇంకో దాన్నుంచి వచ్చే ఇళ్లున్నాయి. టెస్టర్‌ని ముందు కరెంటున్న చోట పెట్టి వెలుగుతోందని చూసుకుని, మెయిన్ ఆపి, అప్పుడు బోర్డులో ప్రతి టెర్మినల్ మీదా పెట్టండి. తర్వాత ఫోటో తీయండి, కామన్‌లో ఉన్న వైరుకి టేపు ముక్క చుట్టండి. వైరు రంగుల్ని మాత్రం నమ్మకండి.

ఒక్కో వైరునీ మెల్లగా లాగి చూడండి. పైకి గట్టిగానే కనిపిస్తుంది, లాగితే సుతారంగా చేతిలోకొచ్చేస్తుంది. చూస్తే స్క్రూ రాగి మీద కాకుండా పైనున్న ప్లాస్టిక్ తొడుగు మీద బిగిసి ఉంటుంది, ఒకటో రెండో పోగులు మాత్రమే తగులుతూ ఇన్నాళ్లూ నెట్టుకొచ్చి ఉంటాయి, వాటి కొనలు నల్లబడి ఉంటాయి. ఆ నలుపంతా కత్తిరించి, కొత్తగా ఒలిచి, పోగులన్నీ మెలిపెట్టి బిగించాలి. స్విచ్ ప్లాస్టిక్కే కమిలి ఉంటే బాగుచేయాలని చూడకండి, మార్చేయండి.

స్విచ్ మంచిదో కాదో, దాని కామన్ ఏదో తెలియాలంటే వైర్లు తీసేసి మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో (దారి తెగకుండా ఉంటే బీప్ కొట్టే సెట్టింగ్) పెట్టండి. స్విచ్ ఒకవైపుంటే ఒకదానితో, మార్చితే ఇంకోదానితో బీప్ కొట్టే టెర్మినలే కామన్. ఒకవైపే కొట్టి రెండోవైపు మూగబోతే ఆ స్విచ్ పని అయిపోయినట్టే. జంట వైర్లకి చిన్న చిట్కా ఉంది: రెండు చివర్లా విప్పి, పైన ఆ రెండింటినీ కలిపి మెలిపెట్టండి, కింద మీటరు పెట్టండి. కొడితే రెండూ బాగున్నట్టే. కొట్టకపోతే ఒకటి తెగినట్టు, మధ్యలో జంక్షన్ బాక్స్ ఉంటే ముందు అక్కడి జాయింట్లు చూడండి.

కరెంటు ఉన్నప్పుడు టెస్టర్ ఈ సర్క్యూట్‌లో అబద్ధాలు చెబుతుంది. జంట వైర్లలో ఒకదాంట్లో ఫేజ్ ఉంటే, పక్కన ఊరికే ఉన్న రెండోదాని మీదా మసగ్గా వెలగొచ్చు. ఆపేసినా ఎల్ఈడీ బల్బు సన్నగా మినుకుమినుకుమనడానికీ తరచూ ఈ పక్క వైరు ప్రభావమే కారణం. అప్పుడు స్విచ్ మార్చి లాభం లేదు, వేరే రకం బల్బు పెడితే చాలాసార్లు పోతుంది.

రెండు సందర్భాల్లో మాత్రం పని ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఒకటి, రెండు స్విచ్‌ల దగ్గరికీ ఫేజూ న్యూట్రలూ రెండూ వచ్చి టెర్మినళ్లకి కలిసి ఉంటే. పాత వైరింగుల్లో ఇలా చేసేవాళ్లు. లైటు ఆరిపోయి ఉన్నా హోల్డర్ రెండు పిన్నుల్లోనూ ఫేజ్ ఉండొచ్చు, ఆఫ్‌లోనే ఉంది కదా అని బల్బు మార్చేవాడికి షాకే. రెండోది, ఈ లైటు వేసినప్పుడల్లా ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తనే ఆగిపోయే స్విచ్) పడిపోతుంటే. ఒక అంతస్తు ఫేజ్ తీసుకుని ఇంకో అంతస్తు న్యూట్రల్‌కి కలిపినా అలా జరుగుతుంది.

అంతా బిగించాక మెయిన్ వేసి, ఆ కాగితం తీసి నాలుగు పొజిషన్లూ మళ్లీ రాయండి. రెండు వెలిగి రెండు ఆరితేనే బోర్డుకి మూత పెట్టండి.