పని నడుస్తున్నంతసేపూ విండో బిగుసుకుపోకుండా చూసుకోవడం ఎలా

బటన్ నొక్కగానే విండో తెల్లబోయి, పైన ‘నాట్ రెస్పాండింగ్’ అని పడిందనుకోండి. లోపల పని చక్కగానే సాగుతుండొచ్చు, ఇంకో అర నిమిషంలో అయిపోయేదే కావచ్చు, కానీ ఆ సంగతి యూజర్‌కి ఎలా తెలుస్తుంది? టాస్క్ మేనేజర్ తెరిచి ప్రోగ్రామ్‌ని మూసేస్తారు. తప్పు వాళ్లది కాదు, మనది.

ప్రోగ్రామ్‌లో పనుల్ని ఒకదాని తర్వాత ఒకటి నడిపే వరుసని థ్రెడ్ అంటారు, విండోని చూసుకునే థ్రెడ్ సాధారణంగా ఒక్కటే. మౌస్ క్లిక్కులు, కీబోర్డు, ‘ఈ భాగం మళ్లీ గీయి’ అనే మెసేజ్‌లు అన్నీ ఒకే క్యూలో చేరతాయి, ఆ థ్రెడ్ వాటిని ఒక్కొక్కటిగా తీసి పని ముగిస్తూ పోతుంది. మీరు బటన్‌కి రాసిన కోడ్ కూడా దాని మీదే నడుస్తుంది. అందులో 20 సెకన్ల పని పెడితే 20 సెకన్లూ క్యూ కదలదు. విండోస్ అయితే సుమారు 5 సెకన్లు చూసి ఆ విండో స్పందించట్లేదని తేల్చేస్తుంది. నా లెక్కలో 5 సెకన్లు చాలా ఎక్కువ, 100 మిల్లీసెకన్లు దాటే పని ఏదైనా ఈ థ్రెడ్ మీద ఉండకూడదు.

బరువైన పనిని వేరే థ్రెడ్‌కి ఇచ్చేయాలి. సీషార్ప్‌లో టాస్క్ రన్ పెట్టి అవైట్ చేయండి (అంటే విండో థ్రెడ్‌ని ఆపకుండా ఫలితం కోసం ఎదురుచూడండి), జావా స్వింగ్‌లో స్వింగ్‌వర్కర్ ఉంది, క్యూటీలో క్యూథ్రెడ్, సిగ్నల్స్ ఉన్నాయి. ఏది వాడినా ఆ పని చేసే వేరే థ్రెడ్, అంటే వర్కర్ థ్రెడ్ నుంచి లేబుల్‌నీ, ప్రోగ్రెస్ బార్‌నీ నేరుగా ముట్టుకోవద్దు. ముట్టుకుంటే ఒకసారి బాగానే నడిచి, ఇంకోసారి ఎక్కడో సంబంధం లేని చోట క్రాష్ అవుతుంది, కారణం వెతకడానికి రోజులు పడతాయి. సీషార్ప్‌లో విండోలు తయారుచేసే విన్‌ఫామ్స్ ఈ తప్పుని మామూలుగా డీబగ్గర్‌లో నడిపినప్పుడే పట్టిస్తుంది, కాబట్టి అక్కడ కనిపించిన ఎర్రర్‌ని దాటేయకండి.

పైథాన్‌లో విండోలు తయారుచేసే టీకింటర్‌లో నేను చేసే పద్ధతి ఇది. 40,000 ఫోటోలకి చిన్న బొమ్మలు తయారుచేయాలి అనుకుందాం. వర్కర్ ఒక్కో ఫోటో పూర్తవగానే ఎన్నోదో ఆ నంబర్‌ని ఒక క్యూలో వేస్తుంది, అంతే, విండో జోలికి రాదు. ఇటువైపు విండో థ్రెడ్ ‘ఆఫ్టర్’తో 100 మిల్లీసెకన్లకోసారి ఆ క్యూ చూసి, ఉన్నవన్నీ ఖాళీ చేసి, చివరి నంబర్ ఒక్కటే తీసుకుని బార్‌ని జరుపుతుంది. ప్రతి ఫోటోకీ బార్ మార్చబోతే మళ్లీ విండోనే ఊపిరాడకుండా చేసినవాళ్లం అవుతాం. వర్కర్‌లో ఎర్రర్ వస్తే దాన్ని కూడా ఇదే క్యూలో పంపాలి, లేకపోతే బార్ 63 శాతం దగ్గర ఆగిపోతుంది, ఎందుకో ఎవరికీ తెలియదు. ఫోటోల పని పూర్తిగా పైథాన్ కోడ్‌లోనే నడిచే బరువైన లెక్క అయితే, జిఐఎల్ వల్ల (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే పైథాన్ కోడ్ నడపనిచ్చే తాళం) థ్రెడ్ పెట్టినా విండో తడబడుతుంది, అప్పుడు వేరే ప్రాసెస్ పెట్టుకోవాలి.

వేరే థ్రెడ్ పెట్టకుండా, లూప్ మధ్యలో క్యూలో ఉన్న క్లిక్కులూ మెసేజ్‌లూ చూడమని ‘ప్రాసెస్ ఈవెంట్స్’ పిలిచి సరిపెట్టుకునే అలవాటు కొందరికి ఉంది. నాకూ ఉండేది. ఒక డేటా ఇంపోర్ట్‌లో అలాగే చేశాను, లూప్ నడుస్తుండగా యూజర్ బటన్‌ని రెండోసారి నొక్కారు, మొదటి ఇంపోర్ట్ కడుపులోనే రెండోది మొదలై, రికార్డులన్నీ రెండేసి పడ్డాయి. వాటిని ఏరి తీసేయడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. అప్పటినుంచి క్లిక్ కోడ్‌లో నా మొదటి లైన్ ఆ బటన్‌ని డిసేబుల్ చేయడమే, థ్రెడ్ వాడినా సరే.

సీషార్ప్ వాళ్లకి ఒక మాట: అవైట్ చేయాల్సిన చోట, ఫలితం వచ్చేదాకా థ్రెడ్‌ని ఆపేసే ‘రిజల్ట్’ అడిగి కూర్చోకండి. ఆ పని ముగింపు విండో థ్రెడ్ మీదికి రావాలని చూస్తుంటుంది, విండో థ్రెడ్ ఏమో పని ముగియాలని చూస్తుంటుంది, ఇక రెండూ కదలవు.

ఆపే బటన్ తప్పకుండా పెట్టండి. థ్రెడ్‌ని బలవంతంగా చంపడం కాదు, ‘ఆగు’ అని చెప్పే ఒక ఫ్లాగ్ పెట్టి, వర్కర్ ప్రతి ఫోటో తర్వాత దాన్ని చూసుకుని తనంతట తానే బయటికి రావాలి. సగం రాసిన ఫైల్ మిగలకుండా ముందు టెంపరరీ పేరుతో రాసి, పూర్తయ్యాక అసలు పేరు పెట్టాలి. పని నడుస్తుండగా యూజర్ విండో మూస్తే? ఫ్లాగ్ పెట్టి, ‘ఆపుతున్నాం’ అని చూపించి, వర్కర్ నుంచి ‘అయిపోయింది’ అనే మెసేజ్ వచ్చాకే మూయండి. అక్కడ వర్కర్ ముగిసేదాకా కదలకుండా ఆగే ‘జాయిన్’ పిలిస్తే చివరి క్షణంలో మళ్లీ బిగుసుకుంటుంది.

టెస్ట్ చేసేటప్పుడు వర్కర్‌లో కావాలని 30 సెకన్ల స్లీప్ పెట్టి విండోని లాగండి, పెద్దది చిన్నది చేయండి, ఆపే బటన్ నొక్కండి. తర్వాత ఫైల్స్‌ని నెట్‌వర్క్ డ్రైవ్ మీద పెట్టి, ఆ కనెక్షన్ తీసేసి చూడండి. ‘ఫైల్ ఉందా లేదా’ అని అడిగే ఒక్క లైన్ విండో థ్రెడ్‌లో మిగిలిపోయి ఉంటే అక్కడే దొరికిపోతుంది.