తారు రోడ్డు బూడిద రంగుకు తిరిగి పగుళ్లిస్తోందా?

గుంతల్లేవు, ఎక్కడా కుంగలేదు. అయినా నలుపు పోయింది, సన్న కంకర లేచి చెప్పుల కింద కరకరలాడుతోంది, నిలువుగా అడ్డంగా గళ్లు కట్టినట్టు చీలికలు వచ్చాయి. దీన్ని గుంతల ప్యాచ్‌తో సరిచేయాలనుకుంటే డబ్బు దండగ.

ముందు తేల్చుకోవాల్సింది
పగుళ్లు చక్రాలు నడిచే దారిలోనే, మొసలి చర్మంలా చిన్న ముక్కలుగా ఉంటే అది బరువు వల్ల వచ్చిన సమస్య, కింది పొరలు చూడాలి. బండ్లు పెద్దగా ఎక్కని అంచుల్లోనూ పెద్ద గళ్లుగా ఉంటే తారు ముదిరిందన్నమాట. తారులో మెత్తదనాన్నిచ్చే నూనె భాగాలు ఆక్సిజన్‌తో కలిసి క్రమంగా అస్ఫాల్టీన్లు అనే గట్టి పదార్థాలుగా మారతాయి. రాత్రి చల్లబడి ముడుచుకునేటప్పుడు సాగలేక పైనుంచి చీలుతుంది.

ఏడాది రెండేళ్లకే ఇలా అయితే
ఎండను తిట్టుకుని లాభం లేదు, కంకర, తారు వేడి చేసి కలిపే హాట్ మిక్స్ ప్లాంట్‌ను అనుమానించండి. వేడి రాయి మీద తారు పల్చటి పొరగా పరుచుకున్న ఆ కాసేపట్లోనే బాగా ముదురుతుంది. ల్యాబ్‌లో ఈ దశను 163 డిగ్రీల ఓవెన్‌లో తారును తిప్పి పరీక్షిస్తారు. ఆ తర్వాత 60 డిగ్రీల దగ్గర చిక్కదనం మొదటిదానికి 4 రెట్లు మించకూడదని తారుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 73 చెబుతోంది. వీజీ-30 (చిక్కదనాన్ని బట్టి పెట్టిన గ్రేడు) తారైతే మిక్స్ వేడి 150 నుంచి 165 డిగ్రీల మధ్యే ఉండాలి. టిప్పర్ మీద నీలం పొగ లేస్తున్నా, మిక్స్ నిగనిగలాడకుండా గోధుమ రంగుగా కనిపించినా మాడిందనే లెక్క. ఆ లోడ్‌ను మొహమాటం లేకుండా వెనక్కి పంపండి.

వేడి సరిగ్గానే ఉందంటే రోలింగ్ సంగతి చూడాలి. రోడ్డులోంచి గుండ్రటి నమూనా (కోర్) తీయించి డెన్సిటీ కొలిపించండి, లోపల గాలి ఖాళీలు ఎంతున్నాయో దాంతో తేలుతుంది. గాలి ఖాళీలు 8 శాతం దాటితే గాలి, నీళ్లు లోపలిదాకా వెళ్లి తారు ముదిరే వేగం పెంచుతాయి. వీజీ-30 మిక్స్ 90 డిగ్రీలకు చల్లారకముందే రోలింగ్ అయిపోవాలి.

ఇప్పుడేం చేయాలి
రంగు మారి, కంకర లేవడం అప్పుడే మొదలైతే పల్చటి ఎమల్షన్‌ను (నీళ్లలో కలిసిన తారు) పైన సన్నగా చల్లే ఫాగ్ స్ప్రే చాలు. ఎక్కువ కొడితే వానలో బండ్లు జారతాయి. చీలికలు వస్తే దుమ్ము ఊది, సీలెంట్ నింపి, మైక్రో సర్ఫేసింగ్ (ఎమల్షన్, సన్న కంకర కలిపిన పల్చటి పూత) వేయాలి. గళ్ల అంచులు ఊడిపోతుంటే పై పొరను మిల్లింగ్ చేసి (యంత్రంతో చెక్కి తీసేసి) కొత్తది వేయక తప్పదు. తీసిన పాత మిక్స్‌ను పారేయకండి, ముదిరిన తారును మెత్తబరిచే రెజువనేటర్ కలిపి మళ్లీ వాడొచ్చు. మోతాదు మాత్రం అందులోని తారును వేరుచేసి పరీక్షించాకే నిర్ణయించాలి.