కటింగ్ ప్రాక్టీస్‌కి తక్కువ బడ్జెట్‌లో యూరోపియన్ లాంగ్‌సోర్డ్ ఎలా ఎంచుకోవాలి

లాంగ్‌సోర్డ్ అంటే రెండు చేతులతో పట్టే పాత యూరప్ పొడుగు కత్తి, కటింగ్ అంటే దానికి పదును పెట్టి నీళ్ళ బాటిళ్ళు, తడిపి చుట్టిన చాపలు స్టాండు మీద పెట్టి నరకడం. ముందే చెప్పేస్తా, కత్తి కోసం దాచుకున్న డబ్బులన్నీ కత్తి మీదే పెట్టేయకండి. మీ దగ్గర 500 డాలర్లు ఉన్నాయనుకోండి, కత్తికి 350 దాటనివ్వద్దు, మిగతాది సాన పట్టడానికి, స్టాండుకి, నరికే చాపలకి ఉంచుకోండి. ఎందుకంటే కత్తి బాగుందో లేదో, మన చేయి తిన్నగా పోతుందో లేదో నరికితేనే తెలుస్తుంది, మంచి కత్తి కొని నెలకోసారి ఒక నీళ్ళ బాటిల్ నరికేవాళ్ళ కన్నా మామూలు కత్తితో వారం వారం రెండు చాపలు నరికేవాళ్ళే త్వరగా ముందుకెళ్తారు, ఇది మా క్లబ్బులో కళ్ళారా చూస్తున్నా.

నేను ఒహాయోలో ఉంటా, ఆరేళ్ళ నుంచి హీమా చేస్తున్నా. హీమా అంటే పాత యూరప్ కత్తిసాము, 1400ల్లో, 1500ల్లో అక్కడి గురువులు రాసిపెట్టిన చేతిరాత పుస్తకాలు ముందు పెట్టుకుని ఆ విద్యని మళ్ళీ నేర్చుకోవడం. స్పారింగ్‌కి (ఎదుటి మనిషితో ఆడే సాధనకి) ఫెడర్ అని పదును లేని కత్తి వాడతాం, దాంతో కటింగ్ కుదరదు. కటింగ్‌కి వేరే పదును కత్తి ఉండాలి, ఆ పదును కత్తితో ఎంత స్నేహితుడైనా సరే ఎదుటి మనిషితో ఆడకూడదు, నెమ్మదిగా కూడా ఆడకూడదు.

నా మొదటి కత్తి సంగతి చెప్తా. ఒక ఆన్‌లైన్ షాపులో 90 డాలర్లకి కొన్నా, మెరుస్తూ చాలా అందంగా ఉంది. పెరట్లో స్టూల్ మీద నీళ్ళ బాటిల్ పెట్టి మూడోది కొడుతుంటే చేతిలో ఒక్కసారిగా బరువు పోయింది, చూస్తే పిడి నా చేతిలోనే ఉంది, బ్లేడు ఎగిరి నాలుగు మీటర్ల అవతల కంచె పక్కన గడ్డిలో దిగబడి ఉంది. మా ఆవిడ నిమిషం క్రితం అక్కడి నుంచే లోపలికి వెళ్ళింది. ఆ పిడి విప్పి చూస్తే లోపల పెన్సిల్ అంత సన్నటి కడ్డీ, దాన్ని బ్లేడుకి వెల్డింగ్ చేసి అతికించారు, విరిగింది సరిగ్గా ఆ అతుకు దగ్గరే. ఆ రోజు చేతులు వణుకు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

కాబట్టి మొదటి ప్రశ్న ఎప్పుడూ లోపలి సంగతే. బ్లేడు నుంచి పిడి లోపలికి వెళ్ళే తోక భాగాన్ని టాంగ్ అంటారు, అది బ్లేడుతో పాటు ఒకే ఇనుములోంచి రావాలి, వెడల్పుగా ఉండాలి, గార్డ్ (పిడికీ బ్లేడుకీ మధ్య అడ్డంగా ఉండే కమ్మీ) దగ్గర మూల కోసినట్టు కాకుండా గుండ్రంగా తిరగాలి, ఎందుకంటే కోసిన మూల దగ్గరే పగులు మొదలవుతుంది. అవతలి కొసన పామెల్ అనే బుడిపె ఉంటుంది కదా, దాని పైన టాంగ్ కొసని సుత్తితో కొట్టి మేకు తలలా వెడల్పు చేసి ఉంటే దాన్ని పీన్ చేయడం అంటారు, పాతకాలం పద్ధతి అదే, గట్టిది. నట్టు బిగించిన కత్తులు కూడా తీసిపారేసేవేం కాదు, టాంగ్ లావుగా ఉంటే చాలు, వదులైనప్పుడు మళ్ళీ బిగించుకోవచ్చు కూడా. టాంగ్ ఫోటో పంపమని అమ్మేవాళ్ళని అడగండి, పంపకపోతే వదిలేయండి.

రెండోది ఇనుము. అడుగు దాటిన బ్లేడు స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే నరకడానికి వద్దు, అంత పొడుగు మీద దెబ్బ పడితే విరిగే గుణం దానికి ఎక్కువ. 1060, 1075, 5160, 6150, 65ఎంఎన్ ఇలా స్టీలు రకాల నంబర్లు కనిపిస్తాయి, వీటిలో ఏదైనా పర్లేదు, కొంతమంది ఈ నంబర్ల మీద గంటలు గంటలు కొట్టుకుంటారు గానీ అసలు తేడా వచ్చేది వేడి చేసి చల్లార్చడంలో, అంటే హీట్ ట్రీట్‌మెంట్‌లో. 5160 అంటే బళ్ళ కమాన్లకి వాడే రకం స్టీలు, మన ఊళ్ళలో కమ్మరివాళ్ళు లారీ కమాను పట్టీ తెచ్చి కత్తులు, కొడవళ్ళు చేసేది ఎందుకో ఆలోచించండి, వంగి మళ్ళీ తిన్నగా నిలబడుతుంది కాబట్టే. లాంగ్‌సోర్డ్‌కి గట్టిదనం రాక్‌వెల్ లెక్కలో సుమారు 48 నుంచి 54 మధ్య ఉంటే సరిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా, తక్కువ ధరలో మంచి కత్తికీ చెత్త కత్తికీ తేడా తెలిసేది ఇక్కడే. బ్లేడు మందం. ఫోటోల్లో వెడల్పు కనిపిస్తుంది, పొడవు కనిపిస్తుంది, మందం మాత్రం కనపడదు. ఓ డిజిటల్ కాలిపర్ కొనుక్కోండి, 20 డాలర్ల లోపే వస్తుంది. గార్డ్ దగ్గర కొలవండి, మధ్యలో కొలవండి, మొనకి ఒక జానెడు ఇవతల కొలవండి. నా దగ్గరున్న కత్తికి గార్డ్ దగ్గర 6 మిల్లీమీటర్ల పైన ఉంటుంది, మధ్యలో 4, మొన వైపు 2.5, ఇలా కింద నుంచి పైకి సన్నబడుతూ పోవాలి. దీన్ని డిస్టల్ టేపర్ అంటారు. చవక కత్తుల్లో మొదటి నుంచి చివరిదాకా ఒకే 4.5 ఉంటుంది, రేకు కోసి అంచులు అరగదీసినట్టు, దాంతో ముందు వైపు బరువెక్కి తిప్పుతుంటే మణికట్టు లాగేస్తుంది, చాపలో దిగి మధ్యలో ఇరుక్కుపోతుంది.

కొబ్బరిబోండాలు కొట్టేవాళ్ళ కత్తి చూశారుగా, వాదర వెనకాల మందంగా బరువుగా ఉంటుంది, అది బోండాం చీల్చడానికి, దాని పని దానిది. లాంగ్‌సోర్డ్ పని అది కాదు, మెత్తటి దాంట్లోంచి వేగంగా జారిపోవాలి, అందుకే వాదర వెనక భాగం కూడా సన్నగా ఉండాలి. వాదర ఒక్కటీ షేవింగ్ బ్లేడులాగా పదునుండి దాని వెనక మందం అలాగే ఉంటే పేపర్ కోస్తుంది గానీ చాప కోయదు. చాలామంది పేపర్ కోసి చూపించే వీడియోలు చూసి కొనేస్తారు, దాన్ని నమ్మకండి.

ఇక ఏ రకం కొనాలి. ఓక్‌షాట్ అనే ఆయన యూరప్ మధ్యయుగం కత్తుల్ని బ్లేడు ఆకారాన్ని బట్టి వర్గాలు చేశారు, 10 నుంచి 22 దాకా రోమన్ అంకెల్లో ఉంటాయి, అమ్మే పేజీల్లో ఆ నంబరే రాస్తారు. పాత రోజుల్లో అవతలివాళ్ళ ఒంటి మీద గొలుసు కవచం ఉన్నప్పుడు బ్లేడులు వెడల్పుగా పలచగా ఉండేవి, తర్వాత రేకు కవచాలు వచ్చాక సందుల్లో పొడవడానికి సన్నగా మొన తేలి గట్టిగా బిగిసిన బ్లేడులు వచ్చాయి. మీకు కావాల్సింది చాపలు నరకడమైతే 12ఎ, 13ఎ, 18ఎ ఇలాంటివి చూడండి. 15ఎ చూడ్డానికి నాకు చాలా ఇష్టం, మధ్యలో పొడుగునా వెన్నులా గట్టు లేచి ఉంటుంది, కానీ అది పొడిచే కత్తి, దాంతో శుభ్రంగా నరకాలంటే చేయి బాగా కుదిరి ఉండాలి, మొదటి కత్తిగా వద్దనే అంటా.

బరువు 1.2 నుంచి 1.6 కిలోల మధ్య, బ్లేడు 85 నుంచి 95 సెంటీమీటర్లు, బ్యాలెన్స్ పాయింట్ (వేలి మీద పెడితే కత్తి ఎటూ వాలకుండా నిలిచే చోటు) గార్డ్‌కి 7 నుంచి 12 సెంటీమీటర్ల దూరం. లాంగ్‌సోర్డ్ రెండు కిలోలంటే ఆ పేజీ మూసేయండి. కత్తి చేతికొచ్చాక ఇంకో పరీక్ష ఉంది. పిడిని రెండు వేళ్ళతో వదులుగా పట్టుకుని మొన కిందకి వేలాడదీయండి, పామెల్ మీద అరచేత్తో ఒక్కటి చరచండి, బ్లేడు అటూ ఇటూ అదురుతుంది, జాగ్రత్తగా చూస్తే ఒక చోట మాత్రం కదలకుండా నిలబడి ఉంటుంది. బ్లేడులో చివరి మూడో వంతు మొదలయ్యే చోటికి కాస్త అటూ ఇటూగా వస్తుంది అది. ఆ చుట్టుపక్కల తగిలేలా కొడితే చేతికి అదురు తక్కువ, కోత శుభ్రంగా వస్తుంది. నేను మొదట్లో ఆ చోట మార్కర్‌తో చిన్న చుక్క పెట్టుకునేవాడిని.

పేర్లు చెప్పమని అడుగుతారు కాబట్టి చెప్తా. హాన్వే టింకర్ లాంగ్‌సోర్డ్ అని ఉంది, అమెరికన్ కత్తుల కమ్మరి టింకర్ పియర్స్ డిజైన్, చైనాలో తయారీ, 5160 స్టీలు, పిడి మొత్తం విప్పి మళ్ళీ బిగించుకోవచ్చు, మొదటి కత్తిగా చాలామందికి నేను చెప్పేది ఇదే, కాకపోతే పదును లేని మోడల్ కూడా అదే పేరుతో ఉంటుంది, చూసుకుని ఆర్డర్ పెట్టండి. రోనిన్ కటానా వాళ్ళ యూరోపియన్ కత్తులు కూడా దాని ధర చుట్టుపక్కలే. విండ్‌లాస్ అయితే మన డెహ్రాడూన్ కంపెనీనే, 1943 నుంచి ఉంది, అమెరికా యూరప్‌లలో అమ్ముడయ్యే మధ్యయుగం మోడల్ కత్తుల్లో బోలెడన్ని అక్కడి నుంచి వచ్చినవే. వీళ్ళవి పలచగా తేలిగ్గా ఉంటాయి, కొన్ని మోడల్స్ బాగా ఊగుతాయి, సాధారణంగా మొద్దుగానే వస్తాయి కాబట్టి పదును ఆప్షన్‌కి వేరే డబ్బులు కట్టాలి లేదా మనమే పట్టుకోవాలి. ఒకప్పుడు యూరప్ బ్లేడులు ఓడల్లో దక్కన్‌కి వచ్చేవి, మనవాళ్ళు వాటికి ఇక్కడి పిడులు బిగించుకుని ఆ కత్తిని ఫిరంగి అనేవాళ్ళు, ఇప్పుడు ఇక్కడి కత్తులు అటు పోతున్నాయి, నాకు ఇది తలుచుకుంటే భలే సంతోషంగా ఉంటుంది. ఆల్బియన్ లాంటి కంపెనీల కత్తులు వెయ్యి డాలర్ల పైమాట, చాలా గొప్ప కత్తులు, కానీ రెండేళ్ళు నరికాక ఆలోచించండి.

కత్తి రాగానే బ్లేడు పక్కభాగం మీద అరచేత్తో తట్టండి, గార్డ్ దగ్గర గలగలమంటే వదులున్నట్టు, వాపసు పంపండి. కంటి ముందు పెట్టి పిడి నుంచి మొన దాకా గీత చూసినట్టు చూడండి, వంకర తెలిసిపోతుంది.

సాన పట్టడం గురించి భయపడకండి. కత్తిని బల్లకి క్లాంప్‌తో బిగించి కింద టవల్ వేసి, వాదర మొత్తం నల్ల మార్కర్‌తో రంగు వేయండి. 400 గ్రిట్ (గరుకుదనం నంబరు) డైమండ్ ప్లేట్‌తో నాలుగుసార్లు రుద్ది చూడండి, రంగు ఎక్కడ పోయిందో అక్కడే మీరు అరగదీస్తున్నారు. వాదర అంచున మాత్రమే పోతే కోణం ఎక్కువైంది, వెనకాల పోయి అంచున మిగిలితే ఇంకా కొంచెం లేపాలి. రెండు పక్కలా సమానంగా చేసుకుంటూ వెళ్ళి 1000 ప్లేట్‌తో ముగించి, పాత తోలు బెల్టు మీద నాలుగు తిప్పులు తిప్పండి. వాదర వెనక గట్టు లేకుండా ఆపిల్ గింజ పక్కల్లాగా మెల్లగా ఒంపు తిరిగి ఉండాలి. మొదటిసారి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. తోలు గ్లౌజులు తప్పనిసరి.

నరకడానికి మొదట నీళ్ళ బాటిళ్ళు, తర్వాత తాతామి చాపలు. తాతామి అంటే జపాన్ వాళ్ళ చాప, మన తుంగచాప లాంటిదే, టెస్ట్ కటింగ్‌లో దాన్ని వాడే పద్ధతి కూడా వాళ్ళ నుంచే తీసుకున్నాం. గట్టిగా చుట్టి మూడు నాలుగు చోట్ల రబ్బరు బ్యాండ్లు వేసి ఒక రాత్రంతా నీళ్ళలో ముంచండి, తెల్లారి నిలబెట్టి నీళ్ళు కారనిచ్చి అదే రోజు నరికేయండి, రెండు మూడు రోజులు ఉంచితే గ్యారేజ్ అంతా కంపు. చాపలు ఖరీదనిపిస్తే పాత న్యూస్‌పేపర్లు తడిపి చుట్టినా సరిపోతుంది. కర్రలు, చెట్ల కొమ్మలు, ఎండు వెదురు మాత్రం వద్దు, వాదర మడత పడిపోతుంది.

మీ చుట్టూ ఐదు మీటర్లలో ఎవరూ ఉండకూడదు, ముఖ్యంగా వెనకాల, ఎదురుగా. ప్రతి సెషన్ ముందు పిడి వదులైందేమో చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, ఏటవాలుగా పై నుంచి కిందకి కొట్టేటప్పుడు కత్తి చాపలోంచి బయటికొచ్చి ఆగదు, సూటిగా మీ ముందు కాలి మీదకే వస్తుంది. కుడి భుజం మీంచి కొడుతుంటే కుడి కాలు ముందుకి వేస్తూ కొట్టండి, కత్తి ఎడమ పక్కకి ఖాళీలోకి పోతుంది. ఇది గాలిలో వందసార్లు చేశాకే చాప దగ్గరికి వెళ్ళండి.

అయిపోగానే వెంటనే తుడవండి, అరగంట ఆగితే కార్బన్ స్టీలు మీద తుప్పు చుక్కలు కనిపిస్తాయి. మినరల్ ఆయిల్ పలచగా పూయండి, తోలు ఒరలో పెట్టి నెలల తరబడి వదిలేయకండి, తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ఒక మాట, 9 అంగుళాల కన్నా పొడుగు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడు ఆయుధాల నిబంధనల కిందకి వస్తుంది, బయటి నుంచి తెప్పించుకోవడం ఇంకా చిక్కు, కాబట్టి డబ్బులు కట్టేముందు లాయర్‌ని అడగండి. బ్రిటన్‌లో 50 సెంటీమీటర్లు దాటిన వంపు కత్తుల మీద ఆంక్షలున్నాయి, ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలో కత్తులకి ప్రత్యేక అనుమతి కావాలి.

నరికిన ముక్కలు అప్పుడే పారేయకండి, కోసిన మొహం తిప్పి చూడండి. అద్దంలా చదునుగా ఉంటే మీ కత్తీ చేయీ రెండూ సరిగ్గా ఉన్నట్టు. గిన్నెలా లోపలికి ఒంపు తిరిగి ఉంటే కోత మధ్యలో మణికట్టు తిరిగింది, అది కత్తి తప్పు కాదు. చివర్న పోచలు తెగకుండా పీచులా వేలాడుతుంటే పదును తగ్గింది లేదా చివరికొచ్చేసరికి వేగం తగ్గింది. అసలు తెగకుండా చాప మొత్తం వంగి స్టాండు మీంచి ఎగిరిపోతే బ్లేడు పక్కకి వాలి తగిలింది. నేను ఒక్కో ముక్క మీద తేదీ రాసి ఫోటో తీసి పెట్టుకుంటా, కొత్త కత్తి కొనాలని మనసు లాగినప్పుడల్లా ముందు ఆ ఫోటోలు తీసి చూస్తా, ఇప్పటికీ అందులో సగం ముక్కలకి గిన్నె ఒంపే కనిపిస్తోంది, అందుకే ఇంకా ఆ 300 డాలర్ల కత్తితోనే ఉన్నా.