ప్రోగ్రామ్‌లో ప్యాకెట్ క్యాప్చర్ కోసం ఇంటర్‌ఫేస్ తెరవడం ఎలా

నెట్‌వర్క్‌లో వెళ్లే ప్యాకెట్లను పట్టుకునే లైబ్రరీ లిబ్‌పీక్యాప్ (libpcap) వాడుతుంటే ఇంటర్‌ఫేస్ (మెషీన్‌ను నెట్‌వర్క్‌కు కలిపే కార్డు లాంటిది) పేరును కోడ్‌లో నేరుగా రాసేయకండి, మెషీన్ మారితే పేరూ మారుతుంది. ముందు పీక్యాప్_ఫైండ్‌ఆల్‌డెవ్స్ పిలిచి, వచ్చిన జాబితాలోంచి ఎంచుకోండి. తర్వాత పీక్యాప్_ఓపెన్_లైవ్. దానికి ఇవ్వాల్సినవి ఐదు: ఇంటర్‌ఫేస్ పేరు, ఒక్కో ప్యాకెట్‌లోంచి ఎన్ని బైట్లు కావాలో (మామూలు అవసరాలకు 65535 సరిపోతుంది), ప్రామిస్క్యూయస్ మోడ్ (మన మెషీన్‌కు ఉద్దేశించని ప్యాకెట్లనూ తీసుకోవడం) కావాలా వద్దా, మిల్లీసెకన్లలో టైమ్‌ఔట్ (వచ్చిన ప్యాకెట్లను చేతికిచ్చే ముందు ఎంతసేపు ఆగాలో), ఎర్రర్ బఫర్ (తప్పు జరిగితే ఆ సందేశం రాసే చోటు).

అసలు తికమకంతా టైమ్‌ఔట్ దగ్గరే. 0 ఇస్తే కొన్ని సిస్టమ్స్‌లో బఫర్ నిండేదాకా ఒక్క ప్యాకెట్ కూడా చేతికి రాదు, ప్రోగ్రామ్ బిగుసుకుపోయిందేమో అని ఊరికే టెన్షన్ పడతాం. 1000 లాంటి విలువ ఇవ్వండి. ప్యాకెట్లు వచ్చినవి వచ్చినట్టే కావాలంటే మాత్రం ఓపెన్_లైవ్ వదిలేసి, పీక్యాప్_క్రియేట్‌తో మొదలుపెట్టి, ఇమ్మీడియట్ మోడ్ పెట్టి, ఆ తర్వాతే పీక్యాప్_యాక్టివేట్ పిలవాలి, ఎందుకంటే ఒకసారి యాక్టివేట్ అయ్యాక ఆ సెట్టింగ్ మార్చనివ్వదు.

ఓపెన్_లైవ్ నల్ తిరిగిస్తే ఎర్రర్ బఫర్‌లో ఉన్నది ప్రింట్ చేయండి. లైనక్స్‌లో చాలాసార్లు అది అనుమతుల సమస్యే. దానికోసం ప్రోగ్రామ్ మొత్తాన్ని రూట్‌గా (అన్ని అధికారాలతో) నడపడం నాకస్సలు నచ్చదు, సెట్‌క్యాప్ అనే కమాండ్‌తో ప్యాకెట్లు చదివే అనుమతి, అంటే క్యాప్_నెట్_రా, ఒక్కటి ఇస్తే చాలు.

తెరుచుకుంది కదా అని వెంటనే చదవడం మొదలుపెట్టకండి, ప్యాకెట్ మొదట్లో ఏ రకం హెడర్ ఉంటుందో పీక్యాప్_డేటాలింక్ ఏం చెప్తోందో చూడండి. ఈథర్‌నెట్ అయితే మొదటి 14 బైట్లు హెడర్. లైనక్స్‌లో ఎనీ అనే (అన్ని ఇంటర్‌ఫేస్‌లనూ కలిపి చూసే) ఇంటర్‌ఫేస్ తెరిస్తే హెడర్ వేరు, ఆ 14 లెక్క అక్కడ పనిచేయదు.