రోమ్‌లోని శాంతా మరియా దెల్ పొపొలో చర్చిని ఎలా చూడాలి?

మెట్రో ఎ లైన్‌లో ఫ్లమీనియో దగ్గర దిగి, పాత నగర ద్వారం గుండా పొపొలో కూడలిలోకి రండి. ద్వారాన్ని ఆనుకుని మీ ఎడమ చేతివైపు ఉన్నదే మనకు కావలసింది. కూడలికి అవతలి కొసన జంటగా కనిపించే గుమ్మటాల చర్చిలు వేరు. పొరబడేది అక్కడే.

ఇది విచారణ దేవాలయం, అంటే చుట్టుపక్కల క్యాతలిక్కులు పూజకు వచ్చే చర్చి. పూజ జరుగుతుంటే లోపల తిరగనివ్వరు, మధ్యాహ్నం మూసేస్తారు. కాబట్టి గుమ్మం దగ్గరి బోర్డు ముందే చూసుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. జేబులో ఒక్క యూరో నాణేలు నాలుగైదు ఉంచుకోండి. నాణెం వేస్తే వెలిగే దీపాలున్న చోట, చూస్తుండగానే చీకటి పడుతుంది.

నాలుగో సిక్స్టస్ పోపు కాలంలో, 1472–77 మధ్య కట్టిన భవనమిది. లోపలికి రాగానే అందరూ చిత్రకారుడు కరవాజ్జో బొమ్మల కోసం పరుగెడతారు. మీరు అలా వెళ్లకండి.

ముందు ఎడమవైపు రెండో చాపెల్ (చర్చి గోడ పక్కనుండే చిన్న ప్రార్థన గది) చూడండి. బ్యాంకరు అగొస్తీనో కీజీ కోసం చిత్రకారుడు రఫాయేల్ గీసిన నమూనా ఇది. గుమ్మటంలోని మొజాయిక్ (రంగు ముక్కలు పొదిగిన బొమ్మ) 1516 నాటిది. నూరేళ్లు దాటాక శిల్పి బెర్నీనీ రెండు శిల్పాలు చేర్చాడు. వాటిని విడివిడిగా చూస్తే కథ అందదు. బలిపీఠానికి కుడివైపు, అన్నం బుట్టతో ఉన్న హబక్కూకు ప్రవక్తను దేవదూత జుట్టు పట్టుకుని లేపుతుంటాడు. ఆ భోజనం మూలగా ఎదురున్న దానియేలుకు, సింహాల గుహలో పడేసిన ప్రవక్తకు. చాపెల్ మధ్య ఖాళీయే ఆ గుహకు దారి. మన ప్రొటెస్టెంట్ బైబిళ్లలో ఈ కథ దొరకదు, క్యాతలిక్ బైబిల్లో దానియేలు 14వ అధ్యాయంలో ఉంది.

తర్వాత ప్రధాన పీఠానికి ఎడమన ఉన్న చెరాసీ చాపెల్‌కు వెళ్లండి. ఎదురుగా అన్నీబలే కర్రాచ్చి గీసిన మరియమాత మోక్షారోపణం, పక్క గోడలపై 1600–01లో కరవాజ్జో గీసిన రెండు చిత్రాలు: ఎడమన పేతురు సిలువ, కుడిన పౌలు మారుమనసు. చాపెల్ ఇరుకు, కాబట్టి ఏ పక్క చిత్రానికీ నేరుగా ఎదురు నిలబడలేరు. చూపు ఏటవాలుగానే పడుతుంది. ఎడమ చిత్రానికి కుడివైపు జరగండి, కుడి చిత్రానికి ఎడమవైపు. పౌలు చిత్రాన్ని పుస్తకంలో చూస్తే గుర్రమే కాన్వాసంతా ఆక్రమించినట్టు ఉంటుంది. ఇక్కడ పక్కనుంచి చూస్తే, నేలమీద వెల్లకిలా పడ్డ పౌలు మన కాళ్ల దగ్గరికి జారి వస్తున్నట్టనిపిస్తాడు. ఫ్లాష్ వాడొద్దు. నూనె రంగు మెరిసి బొమ్మ మాయమవుతుంది.

పీఠం వెనక్కి దారి తెరిచి ఉంటే, పిన్తురిక్కియో రంగులద్దిన కప్పు చూసి బయటికి రండి.